జ్వరం రాకముందు మలేరియా ఎక్కడుంటుంది?

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశారు. అంతకు 17 ఏళ్ల ముందే ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో దాన్ని రోగి రక్తంలో గుర్తించారు. అయితే దోమ కుట్టాక రక్తపరీక్షలో అది కనబడటానికి వారం పైనే పడుతుంది. ఆ వారమంతా ఎక్కడుంటుందో తేలడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

ఇంత ఆలస్యానికి ఒక పెద్దమనిషి మాట కూడా కారణం. దోమ నుంచి వచ్చిన పరాన్నజీవి నేరుగా ఎర్ర రక్తకణంలోకి దూరడం కళ్లారా చూశానని 1903లో జర్మన్ శాస్త్రవేత్త షౌడిన్ ప్రకటించారు. ఆ దృశ్యం మళ్లీ ఎవరికీ కనబడలేదు. కానీ సిఫిలిస్ క్రిమిని కనిపెట్టినవారిలో ఆయన ఒకరు. అంతటివాడు చెప్తే కాదనేదెవరు?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆస్ట్రేలియాలో ఫెయిర్లీ అనే వైద్యుడి బృందం వాలంటీర్లను దోమలతో కుట్టించి, వాళ్ల రక్తాన్ని వేరేవాళ్లకు ఎక్కించి చూసింది. కుట్టిన అరగంట వరకు తీసిన రక్తంతో జబ్బు అంటుకుంది. ఆ తర్వాత కొన్ని రోజులు అంటలేదు, మళ్లీ అంటడం మొదలైంది. అంటే మధ్యలో అది రక్తంలో లేదు! 1948లో లండన్‌లో షార్ట్, గార్న్‌హామ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని కోతి కాలేయంలో పట్టుకున్నారు. ఈ షార్ట్ అంతకుముందు మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్‌గా పనిచేసినవారే. అదే ఏడాది ఒక వాలంటీర్ కాలేయపు ముక్కలోనూ అది కనబడింది.

లివర్‌లో ఉన్నన్నాళ్లూ జ్వరం రాదు, లివర్‌కు చెప్పుకోదగ్గ నష్టమూ జరగదు. అక్కడ వేలల్లో పెరిగి రక్తంలోకి వచ్చాకే చలిజ్వరం. కామెర్లు వచ్చేదీ అప్పుడే. ఎర్రకణాలు పగలడం వల్ల కొంత, ఫాల్సిపారం రకం ముదిరి లివర్ పని దెబ్బతినడం వల్ల కొంత. కళ్లు పచ్చబడగానే పసరు మందుకు పరిగెత్తే అలవాటు మనకుంది. ఫాల్సిపారంలో ఆ ఆలస్యం ప్రాణం తీస్తుంది.

వైవాక్స్ రకం మలేరియాది ఇంకో తలనొప్పి. దాని పరాన్నజీవులు కొన్ని లివర్‌లోనే నెలల తరబడి నిద్రపోతాయని 1980ల్లో రుజువైంది. క్లోరోక్విన్ రక్తంలోని వాటినే చంపుతుంది. అందుకే లివర్‌లో నిద్రపోయేవాటిని చంపడానికి 14 రోజుల ప్రైమాక్విన్ కోర్సు. జ్వరం మూడో రోజుకే తగ్గిపోతుంది కాబట్టి చాలామంది మధ్యలో ఆపేస్తారు, నెలల తర్వాత జ్వరం తిరగబెడితే దోమల్ని తిట్టుకుంటారు. గర్భిణులకు ప్రైమాక్విన్ ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఇది ఎర్రకణాలను పగలగొడుతుంది, కాబట్టి వేసుకునే ముందు ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది.