తిట్టు, సొంత పేరు, సందర్భం: అపోహలు – వాస్తవాలు

అపోహ: 'గుంటడు' తిట్టే.
వాస్తవం: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళలో గుంటడంటే పిల్లాడు, గుంటంటే ఆడపిల్ల. అంతే. వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన మేష్టారికి మాత్రం అది ఈసడింపులా వినిపించొచ్చు. మనం తేలిగ్గా అనేసే 'వెధవ' అసలు 'విధవ'. భర్త పోయిన మనిషినే తిట్టు చేసిన మాట అది, మానేయాల్సింది దాన్నే.

అపోహ: పేరు వెనక వాళ్ళే కులం రాసుకుంటుంటే, మనమంటే తప్పేటి?
వాస్తవం: మాదిగల హక్కుల కోసం 1994లో మొదలైన దండోరా ఉద్యమంతో ఎందరో పేరు పక్కన 'మాదిగ' చేర్చుకున్నారు. తరాలుగా తిట్టుగా విన్న మాటను తలెత్తి పలకడం అది. పక్కవాళ్ళకిచ్చిన అనుమతి కాదు. ఎస్సీ కులమైన రెల్లి వాళ్ళ వీధిలో ఇద్దరు నేస్తాలు కులం పేరుతోనే 'ఒరే' అని పిలుచుకోవచ్చు. అదే పిలుపు కాలవ తీయించుకునే ఆసామి నోట వస్తే, దాని వెనక వేరే గ్లాసూ, గుమ్మం బయటే ఆపేసిన రోజులూ ఉంటాయి. ఇంకో ఎస్సీ కులం వారికైనా రెల్లి మాట మీద చనువు దానంతటదే రాదు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాలను అడ్డుకునే అట్రాసిటీ చట్టం కింద ఎస్సీ, ఎస్టీలు కానివారి మీదే కేసు పెడతారు కాబట్టి, తాము అన్నా పరవాలేదని చాలామంది ఇక్కడే పొరబడతారు.

అపోహ: 'హరిజన' అంటే మర్యాదే.
వాస్తవం: ఆ మాటను అవమానించడానికే తరచు వాడుతున్నారని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: కులం పేరెత్తితే చాలు, కేసే.
వాస్తవం: దరఖాస్తులో రాయడం, సభలో చెప్పడం నేరం కాదు. 1989 నాటి ఈ అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఎస్) కింద, కులం పేరుతో తిట్టింది నలుగురికీ కనబడే చోట అయ్యుండాలి. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్ళు, జరిమానా. బయటివాళ్ళెవరూ లేని నాలుగు గోడల మధ్య మాట దీనికి రాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. వీధిలోంచి కనబడే సొంత ముంగిలి మాత్రం వస్తుంది.

ఇలాంటి ఫిర్యాదు రాతలోనే వీగిపోవచ్చు. 'కులం పేరుతో దూషించాడు' అని ఒక్క ముక్క రాస్తే చాలదు. అన్న మాట అన్నట్టే, మన యాసలోనే రాయండి. పుస్తకాల తెలుగులోకి మారిస్తే రేపు సాక్షి చెప్పేదానికి పొంతన కుదరదు. చోటు, వేళ, విన్నవాళ్ళ పేర్లు, వాళ్ళెక్కడ నిలబడ్డారో చేర్చండి. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి. నోటితో చెప్పింది పోలీసులు రాసుకుంటే, చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. చదవకపోతే అడగండి.