ఒక్క ఏడాది కొలవకపోతే ఏమవుతుంది తాతయ్యా?

పిల్లలూ,

మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే చిన్నోడు అడిగాడు కదా, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో రోజూ కొలుస్తూనే ఉండాలా, ఒక్క ఏడాది మానేస్తే ఏమవుతుంది తాతయ్యా అని. అప్పుడేదో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నా గానీ ఆ ప్రశ్న నాలుగు రోజులుగా నన్ను వదల్లేదు. ఎందుకంటే డబ్బులు మంజూరు చేసే పెద్దవాళ్లు కూడా సరిగ్గా ఇదే అడుగుతారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి, చిన్నోడికి అర్థం కాని చోట అక్క చెప్తుంది.

హవాయి దీవుల్లో మౌనా లోవా అని ఓ పెద్ద అగ్నిపర్వతం ఉంది. చుట్టూ మహా సముద్రం, దగ్గర్లో ఫ్యాక్టరీలు లేవు, అంత ఎత్తులో చెట్లు కూడా లేవు, కాబట్టి అక్కడ వీచే గాలి ఏ ఒక్క ఊరిదీ కాదు, దూరాల నుంచి వచ్చి బాగా కలిసిపోయిన గాలి. 1958 మార్చిలో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే ఆయన అక్కడ కొలవడం మొదలుపెట్టాడు. మొదట్లో వచ్చిన లెక్క 313 పీపీఎం, అంటే పది లక్షల గాలి అణువులు తీసుకుంటే అందులో 313 మాత్రమే కార్బన్ డయాక్సైడ్ వి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ గాలిలో ఎక్కువ భాగం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ రెండూ నేల నుంచి పైకి పోయే వేడిని ఆపవు, ఈ కొంచెం ఆపుతుంది. ఇది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు, 1856 లోనే యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టి చూసింది, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం మిగతావాటికంటే ఎక్కువ వేడెక్కింది, నీడలోకి తీశాక చల్లారడానికి కూడా చాలా సేపు పట్టింది. ఇంత తేలికైన ప్రయోగం, అంత పెద్ద సంగతి.

సరే కీలింగ్ దగ్గరికి వద్దాం. ఆయన్ని నేను ఎందుకు ఇంతగా ఇష్టపడతానంటే ఆయనకి లెక్క తప్పితే నిద్రపట్టదు. ఏ మెషీన్ అయినా రోజులు గడిచే కొద్దీ కొంచెం కొంచెం పక్కకి జారుతుంది, తూకం రాయి అరిగిపోయిన త్రాసు లాగా, మనకి తెలియకుండానే తప్పు చూపిస్తుంది. అందుకని ఆయన లోపల ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో ముందే కచ్చితంగా తెలిసిన గాలి సిలిండర్లు తయారుచేసి పెట్టుకుని, బయటి గాలి కాసేపు, ఆ సిలిండర్ గాలి కాసేపు, మార్చి మార్చి మెషీన్ కి ఇస్తూ సరిచూసుకునేవాడు. ఇప్పటికీ అలాగే చేస్తారు. అలా చూసుకోవడం వల్లే మొదటి రెండేళ్లలోనే ఎవరూ ఊహించనిది కనపడింది. ప్రతి ఏడాది మే నెల వరకు కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, అక్కడి నుంచి సెప్టెంబర్, అక్టోబర్ వరకు తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. కారణం ఏంటో తెలుసా, ఆకులు! భూమికి ఉత్తరం వైపు సగంలోనే నేల ఎక్కువ, అడవులు ఎక్కువ, అక్కడ వసంతం వచ్చి చెట్లు చిగురిస్తే గాలిలోంచి కార్బన్ లాక్కుంటాయి, ఆకులు రాలి కుళ్లితే తిరిగి వదిలేస్తాయి. ఒక్క కొండ మీద కూర్చుని మొత్తం భూగోళం ఊపిరి పీల్చి వదలడం చూడగలిగాడాయన, నాకైతే ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఆ ఊపిరితో పాటు ఇంకోటి కూడా కనపడింది. ప్రతి ఏడాది తగ్గినప్పుడు కూడా పాత ఏడాది ఉన్న చోటుదాకా దిగడం లేదు. 313 దగ్గర మొదలైంది ఇప్పుడు 420 దాటిపోయింది.

ఇప్పుడు చిన్నోడి ప్రశ్న. 1964 లో డబ్బులు కోసేశారు. అంతే, మౌనా లోవాలో కొన్ని నెలల పాటు కొలత ఆగిపోయింది. ఆ గ్రాఫ్ ఎక్కడైనా దొరికితే దగ్గరగా పెట్టుకుని చూడండి, 1964 మొదట్లో గీత తెగిపోయి ఉంటుంది. అరవై ఏళ్లు దాటినా ఆ ఖాళీ అలాగే ఉంది, ఎప్పటికీ అలాగే ఉంటుంది, ఎందుకంటే 1964 నాటి గాలి మళ్లీ రాదు కదా, ఇప్పుడు ఎన్ని కోట్లు ఇచ్చినా ఆ నెలల్ని కొనుక్కురాలేం. దీనికి పక్కన ఇంకోటి పెట్టి చూడండి. 2022 నవంబర్ లో ఆ అగ్నిపర్వతమే పేలింది, లావా రోడ్డు మీదకి వచ్చేసింది, కరెంటు తీగలు తెగిపోయాయి. వాళ్లేం చేశారు? పక్కనే ఉన్న మౌనా కేయా అనే ఇంకో కొండ మీదకి మెషీన్లు చేర్చి నెల తిరక్కముందే మళ్లీ కొలత మొదలుపెట్టారు. అగ్నిపర్వతం ఆపింది రోజులు, బడ్జెట్ ఆపింది నెలలు. ఆలోచించండి.

అక్క వెంటనే అంటుంది, మంచులో పాత గాలి ఉంటుందిగా, దాంతో కొలవచ్చుగా అని. నిజమే తల్లీ, మంచి ప్రశ్నే. అంటార్కిటికాలో మంచు ఒక పొర మీద ఒక పొర పడుతూ గట్టిపడేటప్పుడు మధ్యలో గాలి బుడగలు ఇరుక్కుపోతాయి, లోతుగా బోరు వేసి ఆ మంచు కడ్డీల్ని బయటికి తీస్తే 8 లక్షల ఏళ్ల కిందటి గాలి కూడా దొరికింది. అన్ని లక్షల ఏళ్లలోనూ కార్బన్ డయాక్సైడ్ సుమారు 180 నుంచి 300 మధ్యే తిరిగింది, అందుకే 420 అంటే సైంటిస్టులు కంగారుపడేది. కానీ మంచు పూర్తిగా గట్టిపడి బుడగ మూసుకునేసరికి చాలా ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్ల గాలంతా అందులో కలిసిపోతుంది, కాబట్టి మంచు యుగాల కథ చెప్తుంది గానీ ఫలానా ఏడాది ఫలానా నెల సంగతి చెప్పమంటే చెప్పలేదు. ఆ పని మనుషులు రోజూ చేయాల్సిందే.

ఇంకో డౌట్ కూడా వస్తుంది, ఆ పెరిగింది మనం కాల్చిన బొగ్గు, పెట్రోల్ వల్లే అని గ్యారంటీ ఏంటి అని. గాలిలో ఉండే కార్బన్ లో కార్బన్-14 అనే రకం అతి కొంచెం ఉంటుంది, అది సుమారు 5,730 ఏళ్లకి సగం అయిపోతుంది. బొగ్గు, పెట్రోల్ కోట్ల ఏళ్లు భూమిలో ఉన్నవి కాబట్టి వాటిలో అది పూర్తిగా అయిపోయి ఉంటుంది. వాటిని కాల్చి వదిలే కొద్దీ గాలిలో దాని వాటా పల్చబడుతుంది, అలా పల్చబడటం కొలిచి చూశారు. అదొక్కటే కాదు, ఏదైనా మండాలంటే ఆక్సిజన్ ఖర్చవ్వాలి కదా, కీలింగ్ గారి కొడుకు రాల్ఫ్ కీలింగ్ ఆ ఆక్సిజన్ తగ్గడాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు, అది కూడా తగ్గుతోంది (మనకి ఊపిరాడనంత కాదులే, భయపడకండి). తండ్రి 2005 లో పోయాక ఆ కార్బన్ డయాక్సైడ్ కొలతని కూడా ఈ కొడుకే అందుకుని నడిపిస్తున్నాడు.

ఇలాంటి ఓపిక పని వల్ల లోకం బాగుపడిన కథ ఒకటి చెప్తా. అంటార్కిటికాలో హాలీ అనే స్టేషన్ లో బ్రిటన్ వాళ్లు 1950ల చివర్నుంచి ఎండలోని హానికర కిరణాల్ని ఆపే ఓజోన్ పొర పైన ఎంత మందం ఉందో కొలుస్తూ వచ్చారు. ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ మార్పేం లేదు. దీనికి డబ్బు దండగ అని ఎవరికైనా అనిపించే పనే కదా, అయినా ఆపలేదు. ఆ పాత లెక్కలన్నీ ఉండబట్టే తర్వాత వసంతంలో ఓజోన్ బాగా పడిపోతుంటే అది మామూలు విషయం కాదని గుర్తుపట్టగలిగారు, 1985 లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు ఆ సంగతి ప్రకటించారు. అప్పట్లో ఫ్రిజ్ లలో, స్ప్రేలలో వాడే సీఎఫ్‌సీ వాయువులే కారణమని తేలి 1987 లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, దేశాలన్నీ వాటిని మానుకుంటూ వచ్చాయి, ఇప్పుడు ఆ పొర మెల్లగా కోలుకుంటోంది. ముందు పాతికేళ్ల మామూలు లెక్కలు లేకపోతే 1985 లెక్కకి అర్థమే ఉండేది కాదు.

గాలి సంగతి ఇలా ఉంటే ప్రాణుల సంగతి ఇంకా కష్టం. గాలిని మెషీన్ కొలుస్తుంది, పురుగుని, పిట్టని, నాచుని మనిషే వెళ్లి చూడాలి. జర్మనీలో క్రెఫెల్డ్ అనే ఊళ్లో పురుగుల్ని ఇష్టపడేవాళ్ల సంఘం ఒకటి ఉంది, ఎక్కువ మంది జీతం కోసం చేసేవాళ్లు కాదు. వాళ్లు 63 రక్షిత ప్రదేశాల్లో గుడారం లాంటి వలలు కట్టి అందులో పడ్డ ఎగిరే పురుగుల్ని సీసాల్లో పట్టి తూకం వేస్తూ వచ్చారు, అవే రకం వలలు, అదే పద్ధతి, 27 ఏళ్లు. 2017 లో ఆ లెక్కలు బయటపెడితే ప్రపంచం ఉలిక్కిపడింది, పురుగుల బరువు నాలుగింట మూడు వంతులకి పైగా తగ్గిపోయింది, అదీ రక్షిత ప్రదేశాల్లో! పురుగులు పోతే మనకేంటి అనకండి, పువ్వు కాయ అవ్వాలన్నా, పిట్ట పిల్లలు బతకాలన్నా, చచ్చిన ఆకు మళ్లీ మట్టి అవ్వాలన్నా వాటి చెయ్యి పడాల్సిందే.

వేడికీ ప్రాణులకీ లింకు ఎలా కుదురుతుందో చూడాలంటే ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవి. అక్కడ గ్రేట్ టిట్ అనే చిన్న పిట్ట గూళ్లని 1947 నుంచి ఏటా చూస్తున్నారు, మొదటి గుడ్డు ఏ రోజు పెట్టింది, ఎన్ని పిల్లలు, ఎన్ని బతికాయి అని. వసంతం వెచ్చబడే కొద్దీ ఓక్ చెట్లు ముందే చిగురిస్తున్నాయి, చిగురు తినే గొంగళిపురుగులు ముందే వస్తున్నాయి, ఆ గొంగళిపురుగులే పిట్ట పిల్లల ఆహారం కాబట్టి పిట్టలు కూడా గుడ్లు పెట్టే రోజుని సుమారు రెండు వారాలు ముందుకి జరుపుకున్నాయి. అక్కడి పిట్టలు ఎలాగో అందుకున్నాయి గానీ అన్ని చోట్లా, అన్ని ప్రాణులూ అందుకోలేవు. చెట్టు ఒక లెక్కన, పురుగు ఒక లెక్కన, పిట్ట ఒక లెక్కన జరిగితే పిల్లలు నోరు తెరిచే వేళకి తిండి ఉండదు. వేడి అంటే ఎండలో చెమట పట్టడం ఒకటే కాదు, ఇలా ఒకదానితో ఒకటి ముడిపడ్డ టైమింగ్ తప్పిపోవడం కూడా.

మనం ఇప్పటిదాకా పేరు పెట్టిన జీవజాతులు దాదాపు 20 లక్షలు, అసలు ఉన్నవి దానికి ఎన్నో రెట్లు ఉంటాయని అంచనా. సుమారు పది లక్షల జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2019 లో ఐపీబీఈఎస్ అనే అంతర్జాతీయ సైంటిస్టుల బృందం చెప్పింది. పేరు కూడా పెట్టకముందే పోయేవి ఎన్నో. ఒక నాచుని ఇంకో నాచు నుంచి వేరుగా గుర్తుపట్టగల మనుషులు తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది, అలాంటి చదువుకి ఉద్యోగాలు మాత్రం తక్కువ.

రష్యాలోని లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) కథ మీకు చెప్పానో లేదో గుర్తులేదు. నికొలాయ్ వావిలోవ్ అనే ఆయన దేశదేశాలు తిరిగి పంటల విత్తనాలు పోగుచేసి అక్కడ పెద్ద సంగ్రహాలయం పెట్టాడు, రేపు ఏ తెగులు వచ్చినా, ఏ కరువు వచ్చినా తట్టుకునే రకం అందులో ఏదో ఒకటి ఉంటుందని. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి 1944 దాకా ఆ నగరాన్ని శత్రుసైన్యం చుట్టుముట్టింది, జనం ఆకలితో లక్షల్లో చచ్చిపోయారు. ఆ బిల్డింగ్ లో బస్తాల కొద్దీ వరి, గోధుమ, వేరుశనగ, దుంపలు ఉన్నాయి, కాపలా కాసింది కూడా ఆకలితో ఉన్న సైంటిస్టులే. తినలేదు. కొందరు ఆ గింజల పక్కనే ఆకలికి ప్రాణాలు వదిలారు. వావిలోవ్ ని అంతకుముందే, 1940 లో, సొంత ప్రభుత్వమే అరెస్టు చేసింది, 1943 లో జైల్లో పోయాడు. ఇది రాస్తుంటే నాకు చెయ్యి ఆగిపోతుంది పిల్లలూ. 1964 ఖాళీ లాంటిదే ఇదీ, పోయిన ఒక రకం గింజని తిరిగి తయారుచేయలేం, ఆ సంగతి అందరికంటే బాగా వాళ్లకి తెలుసు.

ఇప్పటి వాళ్లకి అంత కష్టం లేదు గానీ వేరే కష్టాలున్నాయి. రీసెర్చ్ కి డబ్బులు మామూలుగా రెండేళ్లకో మూడేళ్లకో ఇస్తారు, కానీ అడవికి, సముద్రానికి మూడేళ్ల లెక్క తెలీదు. కొత్తగా ఏదైనా కనిపెడితే డబ్బు తొందరగా వస్తుంది, నలభై ఏళ్లుగా చేస్తున్న కొలతని నలభై ఒకటో ఏడు కూడా చేస్తాం అంటే ఎవరూ ఉత్సాహపడరు. కుర్ర రీసెర్చర్లకి కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందో అనే దిగులే. దానికి తోడు చేదు నిజం చెప్పినందుకు బూతులు, బెదిరింపు మెయిళ్లు. వాతావరణ మార్పు మీద ఐపీసీసీ అనే ఐక్యరాజ్యసమితి బృందం రిపోర్టులు వింటుంటారు కదా, 2021 నాటి ఒక్క భాగం కోసమే 14,000 కి పైగా పరిశోధన పత్రాలు చదివారు, ఆ రాసే సైంటిస్టులకి ఐపీసీసీ దానికి జీతం ఇవ్వదు, తమ ఉద్యోగం చేసుకుంటూనే రాసి ఇస్తారు.

డబ్బులిచ్చే వయసు కాదు మీది, ఇమ్మని నేను అనను. కానీ ఎవరైనా సైంటిస్టుల్ని ఊరికే తిడుతుంటే మీకు తెలిసిన నిజం నెమ్మదిగా చెప్పండి, ఓటు వచ్చాక ఈ కొలతలకి డబ్బు ఎందుకు తగ్గించారని అడగండి. ఇంకోటి, లెక్కపెట్టడంలో చెయ్యి కలపండి. 1900 లో క్రిస్మస్ రోజున అమెరికా, కెనడాల్లో 27 మంది పిట్టల్ని కాల్చే వేట పోటీ బదులు పిట్టల్ని లెక్కపెడదాం అని మొదలుపెట్టారు, అది ఇప్పటికీ ఏటా జరుగుతోంది, వేల మంది పాల్గొంటున్నారు, ఏ పిట్ట ఉత్తరం వైపు జరిగిందో ఆ లెక్కల్లోంచే సైంటిస్టులు తేల్చారు. ఇప్పుడైతే ఈబర్డ్, ఐనాచురలిస్ట్ లాంటి యాప్ లు ఉన్నాయి, ఈబర్డ్ లో చూసిన పిట్టల లెక్క రాయొచ్చు, ఐనాచురలిస్ట్ లో ఫోటో పెడితే తెలిసినవాళ్లు పేరు చెప్తారు, మీ రికార్డు రీసెర్చ్ కి కూడా పనికొస్తుంది. ఒకటే షరతు, అంచనాకి రాయొద్దు, చూసింది మాత్రమే రాయండి, ఏమీ కనపడకపోతే ఏమీ కనపడలేదు అని రాయండి, అది కూడా లెక్కే.

చిన్నోడా, పోయిన వారం కిటికీ దగ్గర కొత్త పిట్ట వచ్చిందన్నావు, తారీఖు రాసుకున్నావా? రాసుకోకపోతే మళ్లీ వచ్చినప్పుడు తారీఖు, టైము, ముక్కు రంగు, ఏం తింటోంది, ఈ నాలుగూ రాసి పంపు. పేరు ఇద్దరం కలిసి వెతుకుదాం.

మీ తాతయ్య