క్విల్ట్ కుట్టిందెవరు, పేరెవరికి, డబ్బులెవరికి

అమెరికాలో క్విల్ట్‌లు కుట్టేవాళ్ళ మధ్య డైవర్సిటీ, ఇన్‌క్లూజన్ (అన్ని రకాల వాళ్ళకీ చోటివ్వడం) అనే మాట వస్తే చాలు, హాయిగా కుట్టుకునే దాంట్లోకి రాజకీయాలెందుకు అని ఎవరో ఒకరు అంటారు. పాత సంగతులు తవ్వితే రాజకీయం కొత్తగా వచ్చిందేం కాదని తెలుస్తుంది. క్విల్ట్ అంటే దాదాపు మన బొంతే అనుకోండి, పైన గుడ్డముక్కల అతుకులు, మధ్యలో దూది, కింద అస్తరు, మూడూ కలిపి కుట్టేస్తారు.

మొదట హారియెట్ పవర్స్ సంగతి. 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. బానిసత్వం పోయాక బైబిల్ కథలు కొన్ని గుడ్డ బొమ్మలుగా కత్తిరించి క్విల్ట్ కుట్టి 1886లో అదే జార్జియాలోని ఏథెన్స్ ఊరి కాటన్ ఫెయిర్‌లో పెడితే, జెన్నీ స్మిత్ అనే తెల్ల ఆర్ట్ టీచర్ చూసి కొంటానంది, పవర్స్ ఏ రేటుకీ ఇవ్వనంది. కొన్నేళ్ళకి ఇంట్లో కష్టాలొచ్చి తనే వెళ్ళి 10 డాలర్లు అడిగింది, 5 డాలర్లే ఇవ్వగలనంటే ఆ 5 కే ఇచ్చేసింది. ఇచ్చాక కూడా దాన్ని చూసుకోడానికి చాలాసార్లు వెళ్ళిందట, ఈ ముక్క చదివినప్పుడల్లా నాకు మనసు అదోలా అవుతుంది. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఒక్క మంచి పని, బొమ్మల్లో ఏముందో ఆమె చెప్తుంటే స్మిత్ రాసి పెట్టింది, అందుకే మనకి ఆమె పేరైనా తెలుసు. చాలామందికి అదీ దక్కలేదు. 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో క్విల్ట్‌లని మోడరన్ పెయింటింగుల్లా గోడలకి వేలాడదీస్తే జనం ఆహా అన్నారు, కానీ వాటిలో చాలావాటికి కుట్టినవాళ్ళ పేర్లే లేవు.

అసలు కథ మాత్రం అలబామాలోని జీస్ బెండ్‌ది. మూడు వైపులా నది చుట్టి ఉండే ఊరు, అంతా పత్తి తోటల బానిసల వారసులే, అక్కడ చాలామంది ఇంటిపేరు పెట్‌వే, అదేమో ఒకప్పటి తోట యజమానిది. చలికి తట్టుకోవాలి కాబట్టి పాత పని ప్యాంట్లు, పిండి సంచులు, ఏది దొరికితే అది కలిపి కుట్టేవాళ్ళు. 1962లో, నల్లవాళ్ళు ఓటు నమోదుకి అవతలి ఒడ్డునున్న కామ్‌డెన్‌కి వెళ్తున్న రోజుల్లో, నది దాటించే ఫెర్రీ పడవ ఆపేశారు. నది దాటితే కనిపించే ఊరికి చుట్టూ తిరిగి గంట సేపు కారులో పోవాలి, కార్లు ఎంతమందికి ఉన్నాయి గనక. 1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని కోఆపరేటివ్ పెట్టారు, న్యూయార్క్‌లో వేలం వేస్తే డబ్బులొచ్చాయి, తర్వాత అదే సంఘం భూమి కొని, ఓటుకి వెళ్ళినందుకు ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలకి స్థలాలు అమ్మింది. కుట్టుపని వేరు రాజకీయం వేరు అనేవాళ్ళు ఈ ఒక్క సంగతి చూసినా చాలు.

కానీ ఆర్డర్లకి వేరే తలనొప్పి ఉంది, షాపులవాళ్ళకి ప్రతి పీసూ ఒకేలా ఉండాలి, మనసుకి తోచినట్టు కుడితే కుదరదు. 1972లో సియర్స్ అనే పెద్ద షాపుల కంపెనీ కోసం కార్డురాయ్ (గీతలు గీతలుగా ఉండే మందపు గుడ్డ) దిండు కవర్లు కుట్టారు, మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చుకుని మాత్రం ఇష్టమొచ్చినట్టు కుట్టుకున్నారు. తర్వాత పేరు తెచ్చిన క్విల్ట్‌లలో ఆ కార్డురాయ్‌వి కూడా ఉన్నాయి. 2002లో హ్యూస్టన్‌లో, తర్వాత అదే విట్నీలో ప్రదర్శన పెట్టారు, ఈసారి కుట్టినవాళ్ళ పేర్లతో. 2006లో ఈ క్విల్ట్‌ల బొమ్మలతో పోస్టల్ స్టాంపులు కూడా వేశారు, ఫెర్రీ మళ్ళీ నడిచింది కూడా అదే ఏడాది, అంటే 44 ఏళ్ళకి!

ఈ లోపల గిల్డుల, అంటే క్విల్టర్ల సంఘాల, పరిస్థితి చూడండి. కారొలిన్ మజ్లూమీ అనే ఏరోస్పేస్ ఇంజినీర్‌కి తనలాంటి నల్ల క్విల్టర్లు కనపడక ఒక క్విల్టింగ్ మ్యాగజైన్‌లో ప్రకటన ఇచ్చి వెతుక్కోవాల్సి వచ్చింది, 1985లో పెట్టిన విమెన్ ఆఫ్ కలర్ క్విల్టర్స్ నెట్‌వర్క్ అలా పుట్టిందే. పేరొచ్చాక ఇంకో చిక్కు. నల్లవాళ్ళ క్విల్ట్ అంటే ముదురు రంగులు, వంకర గీతలు, ప్లాన్ లేకుండా కుట్టేదే అని ఒక ముద్ర పడింది, కొలిచి లెక్కగా కుట్టేవాళ్ళు కూడా ఎప్పటినుంచో బోలెడుమంది ఉన్నారని చరిత్రకారిణి క్యూస్టా బెన్‌బెరీ ఏళ్ళ తరబడి చూపిస్తూ వచ్చింది. నా లెక్కలో ఈ ముద్ర వేయడం కూడా దూరం పెట్టడం లాంటిదే, కాకపోతే పొగుడుతూ చేస్తారు.

ఇక డబ్బుల గొడవ. 2007లో జీస్ బెండ్ క్విల్టర్లు కొందరు తమ క్విల్ట్‌లు, డిజైన్‌ల మీద వచ్చిన డబ్బులో న్యాయంగా వాటా రాలేదని కోర్టుకెళ్ళారు, మరుసటి ఏడు రాజీ అయింది. 2024లో ఒక పెద్ద రిటైల్ చైన్, జీస్ బెండ్ క్విల్టర్ల డిజైన్లతో బట్టలు, సామాన్లు అమ్మినప్పుడు కూడా అమ్మకాల్లో వాటా కాకుండా ఇంత అని ఒకేసారి ఫీజు ఇచ్చారు, దాని మీదా చర్చ నడిచింది. అయితే 2021 నుంచి ఆ ఊరి ఆడవాళ్ళు కొందరు చేత్తో చేసిన వస్తువులు అమ్మే ఎట్సీ అనే వెబ్‌సైట్‌లో సొంత షాపులు తెరిచి నడుపుకుంటున్నారు, అక్కడ క్విల్ట్ పక్కన కుట్టినామె పేరుంటుంది, రేటు కూడా ఆమే పెడుతుంది.