ఖల్లివెల్లి అయినవాళ్లు

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ‘మావోడు ఖల్లివెల్లి అయిండు’ అంటే ఎవరూ అర్థం అడగరు. అరబ్బీలో ‘పోనీ, వదిలెయ్’ అనే మాట అది. ఇక్కడ మాత్రం గల్ఫ్‌లో కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని వదిలి, కాగితాల్లేకుండా బయట పని చేసుకుంటున్నాడని.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాలు జోరందుకున్నాయి. ఇక్కడేమో ఎండిన బావులు. దానికితోడు 1978లో జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అంతకుముందు బొంబాయి, భివండీ దాకా పోయేవాళ్లు దుబాయ్ బాట పట్టారు. (ఏ గల్ఫ్ దేశమైనా మనకు దుబాయే.) 1983లో ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది. దాని కింద పనికి పోవడానికి తీసుకోవాల్సిన క్లియరెన్స్ తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపడం మొదలుపెట్టారు. ‘ఆజాద్ వీసా’ అని ఇంకోటి అమ్మారు. పేరుకే ఆజాద్! వీసా ఎవరి పేరున ఉంటే వాళ్ల దగ్గరే చేయాలన్నది అక్కడి రూలు. వేరేచోట పనికి పోయిన రోజే చట్టం తప్పినట్టు. కంపెనీ వీసా మీద పోయినవాళ్లూ జీతం రాక బయటపడతారు. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తి నడుస్తుంటే ఉత్త చేతులతో ఎట్లా వస్తారు?

వీళ్లు లెక్కల్లోకి వచ్చేది రెండుసార్లే: క్షమాభిక్ష పెట్టినప్పుడు, శవపేటిక శంషాబాద్‌లో దిగినప్పుడు. కంపెనీల్లో సొంత పౌరులకు ఇన్ని కొలువులివ్వాలనే నితాఖత్ అమలు చేస్తూ, కాగితాలు సరిచేసుకోవడానికో వెళ్లిపోవడానికో సౌదీ 2013లో గడువిచ్చింది. యూఏఈ 2018లో, మళ్లీ 2024లో ఇచ్చింది. ప్రతిసారీ చర్చంతా ఔట్‌పాస్ గురించే, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం గురించే. అదే 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. మంచిదే, కానీ అది చావు తర్వాతి మాట. బతికున్నన్నాళ్లు సిమ్ దోస్తు పేరున, పైసలు బ్యాంకుతో పనిలేని హుండీ దారిలో. దవాఖానలో గుర్తింపు కార్డు అడుగుతారేమోనని జ్వరాన్ని రూములోనే దాచుకోవడం. వీటి గురించి అడగాలంటే వాళ్ల ఇళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

అట్లా పోయిన ఒక ఇంట్లో నా సర్వే ఫారం ‘కంపెనీ పేరు’ దగ్గరే ఆగిపోయింది. ఆ ఇంటామె బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్ తీసింది. పట్టా పాస్‌బుక్ కింద భర్త పాస్‌పోర్టు జిరాక్స్. అసలుది పాత కఫీల్ దగ్గరే ఉందట. ‘ఆయనకు అక్కడ ఏం కావాలంటడమ్మా?’ అని అడిగాను. పైసలో, ఇంటికి రావడమో చెబుతుందనుకున్నా.

‘పన్ను నొస్తుందంటున్నడు సార్. మూడు నెలలాయె, గోలీలు మింగుతనే ఉన్నడు.’

ఆ జవాబుకు ఫారంలో కాలమ్ లేదు. అంచున రాసుకున్నా.