అడవిలో మంట: జనవరిది వేరు, ఏప్రిల్‌ది వేరు

మా అటవీ శాఖ ఫైర్ లైన్ పని, అంటే పెద్ద మంట దాటకుండా ముందే గడ్డీ ఆకూ కాల్చి పట్టీలా ఖాళీ చేసే పని, మొదలైందంటే మహారాష్ట్రలోని సిరోంచ తాలూకాలో ఏ ఊరికి పోయినా ఇదే నిలదీత: "సార్, మీరు కాలిస్తే అడవి బాగుకోసం, మేం కాలిస్తే కేసా?"

అపోహ: ఎప్పుడు పెట్టినా మంట మంటే.

కాదు. మన అడవికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఈ మాటతోనే. జనవరి చివర్లో గడ్డి మొదళ్లలో ఇంకా పచ్చిదనం ఉంటుంది, రాత్రి మంచు కురుస్తుంది, గాలి తక్కువ. అప్పటి మంట మోకాలెత్తు దాటదు. ఒకచోట కాల్చి, ఒకచోట వదిలేసి, తడి తగిలితే దానంతటదే ఆరిపోతుంది. వదిలేసిన ఆ ముక్కల్లోనే కౌజులు, ఉడుములు తలదాచుకుంటాయి. కాలినచోట లేత గడ్డి మొలిస్తే దుప్పులు దిగుతాయి. ఏప్రిల్‌ నాటికి టేకాకంతా రాలి నేల కప్పేస్తుంది, పైగా వడగాలి. ఇక ఆ మంట గుట్టలెక్కుతుంది, ఎండు మానుల్లో రోజుల తరబడి రగులుతుంది, నేల మీద పెట్టిన పిట్ట గుడ్లను మిగల్చదు. టేకు పిలక వేరు నుంచి మళ్లీ లేస్తుంది, వచ్చే ఏడు మళ్లీ కాలుతుంది. పిలకగానే ఉండిపోతుంది, చెట్టు కాదు. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో స్థానిక తెగలవాళ్లు 2006 నుంచి చేస్తున్నదీ ఇదే: వానల్లేని కాలం మొదట్లోనే అక్కడక్కడా కాల్చి, చివర్లో వచ్చే పెద్ద మంటలకు దారి లేకుండా చేయడం.

భయపడేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఓసారి ఒక ముసలమ్మ లైన్‌కి అడ్డంగా నిలబడి, "బిడ్డా, నా ఇప్పచెట్లు పోతయ్" అని ఏడ్చింది. చెట్ల మొదళ్ల చుట్టూ ఆకు ఊడ్పించాకే మంట పెట్టాం. తర్వాత మసిబారిన బెరడును కత్తితో కొంచెం గీకి చూపించాను. లోపల తడిగా, ఎర్రగా ఉంది. ఆమె వేలితో తాకి చూసుకుని, ఇక ఏమీ అనలేదు.

అట్లాగని ఎవరికి వాళ్లు కాల్చొచ్చని కాదు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1927 అటవీ చట్టం 26వ సెక్షన్ కింద నేరం. మేం కాల్చేటప్పుడు రెండు పక్కలా ఊడ్చి, బ్లోయర్లు (ఆకు ఊదే యంత్రాలు), పచ్చికొమ్మలు పట్టుకున్న మనుషులను నిలబెట్టి, చివరి నిప్పు ఆరేదాకా కదలం.

అపోహ: కాలిస్తేనే తునికాకు.

లేత ఆకు రావాలంటే పొద కొట్టాలి, నిప్పక్కర్లేదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికీ అంతే, చెట్టు కింద ఊడిస్తే చాలు, వల పరిస్తే ఇంకా మేలు.

అపోహ: లంటానా (అడవిని కమ్మేసే కలుపు పొద) కాలిస్తే పోతుంది.

మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. వేరుతో పీకాల్సిందే.

అపోహ: రాత్రి పెడితే ఎవరికీ తెలియదు.

మంటలను పసిగట్టే ఉపగ్రహం రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో కూడా మన మీదుగా పోతుంది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి బీట్ గార్డు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, లొకేషన్‌తో సహా.