కీళ్లవాతం తొలిదశ: రోగనిరోధక కణాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇమ్యూనిటీ తగ్గిపోవడం వల్లే కీళ్లవాతం వస్తుంది.

వాస్తవం: రుమటాలజిస్టుగా నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అపోహ ఇదే. దీన్ని నమ్మినవాళ్లు ఇమ్యూనిటీ పెంచే పొడులు వాడుకుంటూ విలువైన నెలలు పోగొట్టుకుంటారు. కీళ్లవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో, రోగనిరోధక కణాలు నీరసించవు, సొంత ఒంటినే పరాయిదనుకుని పొరబడతాయి. మన ప్రొటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం సిట్రులిన్ అనే మరోదానిగా మారినప్పుడు, జన్యుపరంగా ఆ స్వభావం ఉన్నవారిలో టి కణాలనే రోగనిరోధక కణాలు దాన్ని శత్రువుగా ఎంచి, యాంటీబాడీల వైపు పనిచేసే బి కణాలను ఉసిగొల్పుతాయి. ఆ బి కణాల సంతతే సిట్రులిన్ ఉన్న ప్రొటీన్లను పట్టుకునే యాంటీ సీసీపీ యాంటీబాడీలను తయారుచేస్తుంది. పొగతాగేవారి ఊపిరితిత్తుల్లో, జబ్బుపడిన చిగుళ్లలో సిట్రులిన్ మార్పు ఎక్కువ. కాబట్టి గొడవ కీలుకు బయటే రాజుకుని ఉండొచ్చు.

అపోహ: నొప్పి మొదలైన రోజే జబ్బు మొదలైనట్టు.

వాస్తవం: చాలామందిలో ఈ యాంటీబాడీలు నొప్పికి కొన్నేళ్ల ముందే రక్తంలో కనిపిస్తాయి. అలాగని పాజిటివ్ వచ్చిన ప్రతివారికీ జబ్బు రాదు.

అపోహ: వాపంటే నీరు చేరడమే, తీయించేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఇన్ఫెక్షనా, యూరిక్ యాసిడ్ స్ఫటికాల వల్ల వచ్చే గౌటా అని తేల్చుకోవడానికి నీరు తీసి పరీక్షించాల్సి రావచ్చు. కానీ అసలు కథ నడిచేది కీలు లోపలి పొర సైనోవియంలో. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని పైవరుస ఒకటి నుంచి మూడు కణాల మందమే. తొలిదశలోనే అక్కడికి టి, బి కణాలు, క్రిములను మింగే కణాలైన మ్యాక్రోఫేజ్‌లు చేరి పొర ఉబ్బుతుంది. మ్యాక్రోఫేజ్‌లు వదిలే టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలు అక్కడి కణజాలాన్ని కట్టే కణాలైన ఫైబ్రోబ్లాస్ట్‌లను రెచ్చగొడితే, అవి మృదులాస్థిని కరిగించే ఎంజైములు వదులుతాయి. ఇక ఎముకను తొలిచేవి ఆస్టియోక్లాస్టులనే కణాలు. నీటిలో మాత్రం ఎక్కువగా దొరికేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, అందుకే నీటిని చూసి పొరలో జరిగేదంతా చెప్పలేం. ఇంకో మాట: మ్యాక్రోఫేజ్‌లన్నీ దుష్టులు కావు. పొరలో స్థిరంగా ఉండే కొన్ని రకాలు వాపును అణచడానికే పనిచేస్తాయి.

అపోహ: ఆర్ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చేసే ఒక రక్తపరీక్ష) నెగటివ్, ఎక్స్‌రే నార్మల్. ఇక భయం లేదు.

వాస్తవం: ఆ రెండూ బాగున్నా జబ్బు ఉండొచ్చు. తొలిదశలో ఎక్స్‌రే తరచూ మామూలుగానే ఉంటుంది. పొద్దున లేవగానే అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోతున్నా, వేళ్ల కణుపులు వాచినా డాక్టరుకు చూపించండి.

అపోహ: మెథోట్రెక్సేట్ ఏ దారీ లేనప్పుడు ఇచ్చే మందు.

వాస్తవం: రోగనిరోధక కణాల దాడిని తగ్గించే ఈ మందే కీళ్లవాతానికి సాధారణంగా మొదట ఇచ్చేది. ఎముక అరగకముందే మొదలుపెడితే మేలు ఎక్కువ. రక్తకణాలు, లివర్ పరీక్షలు తప్పనిసరి. గర్భిణులు వాడకూడదు. ఈ జబ్బుకు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం, కాబట్టి వారంలో ఏ రోజున వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి.