పనస పలకలు ఇంకా ఎందుకు ఆరుతున్నాయంటే

చిరంజీవులు చిన్నారికి, బుజ్జికి,

ఆనందపురం నుంచి తాతయ్య ఆశీస్సులు. గాలివానకు పడిన పనస మానును మిల్లుకు తోలి పలకలు కోయించారు కదా, మరి మా ఉయ్యాల బల్ల ఏదీ అని అడిగారు. వడ్రంగికి తీరిక లేక కాదు. పలకలు ఇంకా ఆరలేదు.

అప్పుడే కోసిన పలక అమ్మమ్మ వత్తిన అప్పడం లాంటిది. పచ్చి అప్పడాన్ని ఎర్రటి ఎండలో పడేస్తే అంచులు ముందే బిగుసుకుంటాయి, నడుమ తడి అలాగే ఉంటుంది, మొత్తం ముడుచుకుని లేస్తుంది. అందుకే అమ్మమ్మ నీడపట్టున, గాలి తగిలేలా ఆరబెడుతుంది. పశువుల పాకలో నేను చేసిందీ అదే. కింద ఇటుకలు, పలకకూ పలకకూ మధ్య సన్నని బద్దలు, అన్నిటి పైన బరువుకు రాళ్ళు. కొసల నుంచి తడి మరీ త్వరగా పోయి పగుళ్ళిస్తాయి కనుక అక్కడ పెయింటు పూశాను. (అమ్మమ్మ అప్పడాలకు పెయింటు పూయదనుకోండి.) అంగుళం మందానికి దాదాపు ఏడాది అని పాత లెక్క. తొందరపడి పచ్చి అప్పడాలు డబ్బాకెత్తితే బూజు పడుతుంది, పలకలూ అంతే. పోనీ, బొత్తిగా ఎండిపోతాయా అంటే, సముద్రపు గాలి వీచే మన విశాఖలో అది జరగదు. గాలిలో తేమను బట్టి చెక్క పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. వేయించిన అప్పడం మూత తీసి ఉంచితే మెత్తబడదూ? వానాకాలంలో మీ తలుపులు బిగుసుకునేది అందుకే.

నా చిన్నతనంలో కోతగాళ్ళే ఇంటికి వచ్చేవారు. దుంగను ఎత్తుగా కట్టిన కర్రల మీదకు ఎక్కించి, మసిలో ముంచిన నూలుదారాన్ని రెండు కొసలా బిగబట్టి, నడుమ పట్టి లాగి వదిలేవారు. టప్పున నల్లటి గీత! ఆ గీత వెంటే ఒకరు పైన, ఒకరు కింద నిలబడి పెద్ద రంపం లాగేవారు. కింది మనిషి కనుబొమల నిండా రంపపు పొట్టే. పనస కర్ర పొట్టు పసుపుపచ్చగా ఉంటుంది. మేము అది ఒళ్ళంతా చల్లుకుని పెళ్ళికొడుకుల ఆట ఆడేవాళ్ళం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కర్ర గోధుమ రంగుకు తిరుగుతుంది. బొబ్బిలి వీణలు చెక్కేదీ పనస దుంగతోనే. అంత నాదం ఆ మానులో ఎక్కడ దాగి ఉంటుందో నన్ను అడగకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడినప్పుడు మన ఊళ్ళో కూలిన చెట్లు చాలావరకు పొయ్యి పాలయ్యాయి. ఇప్పటికీ నాకు మనసొప్పదు. తరాలు చూసిన చెట్టుకు కనీసం గుమ్మమయ్యే యోగమైనా దక్కాలి. అలాగని పలకల కోసం పచ్చని చెట్టు మీద గొడ్డలి ఎత్తకూడదు. మన దొడ్డిలోదైనా సరే, నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం ఉంది, ముందు అనుమతి అడగాలి. అడగనీయండి, మంచిదే.

పలక వంగడానికి ఇంకో కారణం ఉంది, అది అప్పడంతో చెప్పలేను. చెక్క ఆరేటప్పుడు మానులో గుండ్రంగా ఉండే వలయాల వెంట ఎక్కువగా, వాటికి అడ్డంగా తక్కువగా కుంచించుకుపోతుంది. మీ ఇంట్లో పాత టేకు పీట ఉంది కదా, దాని కొసను పరీక్షగా చూడండి. ఆ వలయాలే వంపు గీతలుగా కనిపిస్తాయి. పీట గుంట పడింది గీతలు వంగిన వైపుకేనా, ఎదురు వైపుకా? ఇద్దరూ చెరో మాటా చెప్పకుండా, చూసి రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య